ఆఖరి వేడి ధర

చెల్లప్పన్ ఇస్త్రీ పెట్టెలో బొగ్గు ఒకసారి రాజుకుందంటే రెండున్నర గంటలు పనిచేసేది. ఆ రెండున్నర గంటల్లో ఏ బట్ట ఎప్పుడు పెట్టె కిందికి రావాలో అతనికొక వరుస ఉంది. ముందు గంజి పెట్టిన నూలు పంచెలు, ఖాకీ ప్యాంట్లు. వేడి కాస్త దిగాక చొక్కాలు. బొగ్గు బూడిదై, ఇత్తడి అడుగున వెచ్చదనం మాత్రం మిగిలినప్పుడు పట్టుచీరలు.

వేడి ఎంత ఉందో తెలుసుకోవడానికి తడి వేలితో పెట్టె అడుగున ఒక చుక్క విదిలించేవాడు. చుక్క గోలీలా దొర్లి కింద పడితే పంచె. చుయ్‌మని అరిచి ఆవిరైతే చొక్కా. చప్పుడు లేకుండా మెల్లగా ఆరిపోతే పట్టు.

ఎవరైనా పట్టుచీర పట్టుకొచ్చి, "పదింటికి పెళ్ళికి పోవాల, ముందు దీన్ని రుద్దిపెట్టు" అంటే తల అడ్డంగా ఊపేవాడు.

"చీర నీది తల్లీ. వేడి నాది. పదకొండు దాకా ఆగు."

నటేశన్ నగర్ రెండో వీధి మూలన, తురాయి చెట్టు కింద అతని బండి పదిహేనేళ్ళుగా నిలబడే ఉంది. అంతకుముందు అతను మిల్లులో బదిలీ కూలీ. అంటే ఎవరైనా పనిలోకి రాకపోతేనే ఇతనికి పని. వాళ్ళ నాయన కూడా అదే మిల్లులో పత్తి బేళ్ళు తూకం వేసేవాడు. త్రాసు ముల్లు పూర్తిగా నిలిచేదాకా అంకె చెప్పేవాడు కాదట. వెనక లారీలవాళ్ళు ఎంత హారన్ కొట్టినా సరే. ఆ నాయన కొడుకు కాబట్టి చెల్లప్పన్ తన బండికి వేలాడదీసిన రేట్ల పలకను కూడా తూకం వేసినట్టే రాశాడు. తమిళ అక్షరాల్లో, సుద్దముక్కతో: పంచె మూడు రూపాయలు, ప్యాంటు రెండున్నర, చొక్కా రెండు, పట్టుచీర రెండు. ఏది ఎంత వేడి తింటే దానికి అంత ధర; పట్టుకు వేడి తక్కువైనా చీర పొడవు కాబట్టి రెండు. ఇందులో ఎవరికీ అన్యాయం లేదని అతని నమ్మకం.

ఆ నమ్మకానికి రెండు వేల ఆరో సంవత్సరం తై నెలలో, అంటే సంక్రాంతి వచ్చే నెలలో గండం వచ్చింది.

పక్కపేట సారంలో మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపుల ఇస్త్రీ షాపు ఒకటి తెరిచారు. కరెంటు పెట్టెలు, ఆవిరి గొట్టాలు, ప్లాస్టిక్ కవర్లు. చొక్కా రూపాయిన్నర. స్కూటర్ మీద వచ్చి తీసుకుపోయి, స్కూటర్ మీద తెచ్చి ఇస్తారు. చెల్లప్పన్ పెళ్ళాం కనగం ఇంటింటికీ తిరిగి తెచ్చే మూట రోజుకు నూరు బట్టల నుంచి యాభైకి దిగింది.

సరిగ్గా అప్పుడే కనగం తమ్ముడు సౌందరరాజన్ ఒక కబురు మోసుకొచ్చాడు. అతను మేట్టుపాళయంలో ఒక ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో సూపర్‌వైజరు. అక్కడ పగటి వాచ్‌మన్ పని ఖాళీగా ఉందట. నెలకు రెండు వేల నాలుగు వందలు, పీఎఫ్, ఈఎస్ఐ.

"శనివారం లోపల చెప్పాల బావా. తర్వాత ఇంకొకర్ని పెట్టుకుంటారు. కుర్చీ ఇస్తారు, ఫ్యాను ఉండాది. పొద్దస్తమానం కూర్చోవచ్చు."

"నేను కూర్చుని ఎన్నేండ్లయిందో తెలుసా రాజా? కూర్చోడం మర్చిపోయినా."

"నేర్పిస్తాలే," అన్నాడు సౌందరరాజన్.

చెల్లప్పన్ నవ్వాడు గాని లోపల నవ్వలేదు. వాచ్‌మన్ కుర్చీలో తనను ఊహించుకున్నాడు. గేటు తీయడం, గేటు వేయడం. చేతిలో ఏడు కిలోల పెట్టె బరువు లేకపోతే చెయ్యి గాలిలో ఎగిరిపోతుందేమో అనిపించింది. మరోవైపు కనగం. మోకాళ్ళ నొప్పితో నాలుగు వీధులు తిరుగుతూ ఉంది. ఈఎస్ఐ ఆసుపత్రి అనే మాట వినగానే దాని కళ్ళు ఎట్లా వెలిగాయో అతను చూశాడు. ఆ వెలుగును కాదనేంత మొండివాడు కాదు.

ఆ వారం అంతా ఈ కథ హేమమాలిని చెవిన పడుతూనే ఉంది.

హేమమాలినిది రెండో వీధిలోనే మూడో ఇల్లు. కెమిస్ట్రీ చదివి, పెళ్ళయ్యాక కూడా ఒక కంపెనీ ల్యాబులో పనిచేసి, పాప పుట్టాక మానేసింది. ఇప్పుడు ఇంట్లో ఉంటూనే దూరవిద్యలో ఎంబీఏ చదువుతోంది. మొదటి పేపరు ఎకనామిక్స్. పరీక్ష పది రోజుల్లో ఉంది. పాప ప్రియాకు ఎనిమిది నెలలు. ఆ పాపకు ఒక విచిత్రమైన అలవాటు: చెల్లప్పన్ పెట్టె ముందుకూ వెనక్కూ పోతుంటే కళ్ళార్పకుండా చూస్తుంది, ఏడుపు ఆపేస్తుంది. అందుకని తల్లి పాపను చంకనేసుకుని, పుస్తకం చేతబట్టుకుని, రోజూ పదింటికి బండి దగ్గరికి వచ్చేసేది. వచ్చినా ఊరికే నిలబడేది కాదు. ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకునేది, పొగ తగలని వైపుకు జరిగేది, మళ్ళీ గాలి మారిందేమోనని ఇంకోవైపుకు జరిగేది.

"నిలకడగా ఒక చోట నిలబడు తల్లీ," అనేవాడు చెల్లప్పన్. "నువ్వు తిరిగే తిరుగుడికి పాపకు కళ్ళు తిరుగుతాయి."

"పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది అన్నా."

"పదిహేనేండ్లుగా పీలుస్తా ఉండా. నాకేమైనా అయిందా?"

"అది తెలియకుండానే అయ్యుంటుంది," అంది హేమమాలిని చాలా శ్రద్ధగా. కనగం పకపకా నవ్వింది.

బుధవారం నాడు హేమమాలిని పుస్తకంలోంచి తల ఎత్తింది.

"అన్నా, మీరు ఇక్కడ నిలబడినందుకు అసలు ఖర్చు బొగ్గు కాదు. మేట్టుపాళయంలో రాకుండా పోయే జీతం. ఆపర్చునిటీ కాస్ట్ అంటారు. ఒకటి చేస్తూ వదులుకున్న రెండోది ఏదుందో, అదీ ఖర్చే."

"దీనికి పుస్తకం ఎందుకు? నా తమ్ముడు రోజూ అదే కదా చెప్తా ఉండాడు," అంది కనగం.

"కొలిచి చూద్దాం," అంది హేమమాలిని.

కొలవడం అనే మాట చెల్లప్పన్‌కు నచ్చింది. బుధవారం, గురువారం ఆమె నోట్‌బుక్కులో రాసుకుంది. బొగ్గు ఎంత, బట్టలు ఎన్ని, గంటలు ఎన్ని. పెట్టె వేడి గంటగంటకూ ఎట్లా దిగుతుందో కూడా గీత గీసింది. అది ఎకనామిక్స్‌కు అవసరం లేదు గాని, ఆమెకు గీయకుండా ఉండబుద్ధి కాలేదు. గురువారం పదిన్నరకు లెక్క తేలింది. బొగ్గు పోగా బండి మీద నెలకు మిగిలేది పద్దెనిమిది వందలు. రాకుండా పోయే జీతాన్ని కూడా కలిపి మొత్తం ఖర్చును మొత్తం బట్టలతో భాగిస్తే ఒక్కో బట్ట మీదా నష్టమే.

"అన్నా, కోపం తెచ్చుకోకండి," అంది మెల్లగా. "పుస్తకం ప్రకారం ఉద్యోగమే మేలు."

చెల్లప్పన్ పెట్టెను దాని ఇటుక మీద నిలబెట్టి తురాయి కాయలవైపు చూశాడు.

"నేను ముందే చెప్పలే?" అంది కనగం. కానీ మొగుడి మొహం చూసి ఆ గెలుపు దానికి అంత రుచించలేదు. ఉన్నట్టుండి హేమమాలినిని అడిగింది. "ఆ గంటల్లో నేను తిరిగిన గంటలు కలిపినావా తల్లీ?"

హేమమాలిని నోట్‌బుక్కు చూసుకుంది. "లేదక్కా. అన్నవి మాత్రమే."

"వంట? నీళ్ళు పట్టేది?"

"అవి దేశం లెక్కలో కూడా రావు. డబ్బు చేతులు మారితేనే జాతీయాదాయం. ఇంట్లో చేసే పని అందులో ఉండదు."

"పెద్ద దేశమే," అంది కనగం. "ఒక్కరోజు అన్నం వండకుంటే తెలుస్తాది దేశానికి, నేను యాడ ఉండానో."

ఆ పూట చెల్లప్పన్ బండిని తొందరగా మూసేశాడు. పదిహేనేళ్ళలో బొగ్గు ఆరకముందే బండి మూయడం అదే మొదటిసారి.

శుక్రవారం వచ్చింది. ఇంకొక్క రోజే గడువు. చెల్లప్పన్ రోజూ కంటే నెమ్మదిగా, ప్రతి కాలరుకూ వీడ్కోలు చెబుతున్నట్టు రుద్దుతున్నాడు. పదకొండు దాటాక హేమమాలిని పరుగులాంటి నడకతో వచ్చింది. పాపకు సాయంత్రం టీకా ఉంది, ఆ ఆసుపత్రికి వేసుకెళ్ళే గౌను ముడతలుగా ఉంది. ముడతలున్న గౌనుకు, టీకాకు సంబంధమేమీ లేదు. ఆమెకు కంగారు మాత్రం ఉంది.

చెల్లప్పన్ తడి వేలు విదిలించాడు. చుక్క చప్పుడు చేయలేదు. పెట్టెను గౌను మీద నాలుగుసార్లు నడిపి, మడత పెట్టి ఇచ్చాడు.

"ఎంత అన్నా?"

"దీనికేంది? ఆరిపోయే వేడి. నేను రుద్దినా పోతాది, రుద్దకపోయినా పోతాది. ఊరికే పోయేదానికి డబ్బులు తీసుకుంటారా?"

హేమమాలిని రెండడుగులు వేసి ఆగిపోయింది. వెనక్కి తిరిగి వచ్చింది. ఈసారి గాలి ఎటు వీస్తోందో చూసుకోలేదు.

"ఇంకోసారి చెప్పండి."

"ఏంది చెప్పేది?"

"ఈ గౌను మీద మీకైన ఖర్చు సున్నా. బొగ్గు ఎట్లాగూ పొద్దున్నే వేసేశారు. నిన్న నేను అంతా కలిపి అన్నిటికీ సమానంగా పంచేశాను. పుస్తకంలో ఏడో అధ్యాయం అంతా అదే, ఇంకొక్కటి అదనంగా చేస్తే ఎంత ఖర్చు పెరుగుతుంది అని. ల్యాబులో పనిచేసినదాన్ని, సగటు తీసి ఊరుకున్నాను!" ఆమె తన నుదురు తానే కొట్టుకుంది. పాప కూడా తల్లి నుదుటి మీద ఒకటి కొట్టింది. "అన్నా, పట్టుచీరలు కూడా ఈ వేడిలోనే కదా చేస్తారు?"

"ఆమా," అని తల ఊపాడు చెల్లప్పన్.

"ఎంత తీసుకుంటారు?"

చెల్లప్పన్ పలకవైపు చూపించాడు. రెండు రూపాయలు.

"ఆ షాపులో ఎంతో తెలుసా? ఇరవై ఐదు. పైగా మూడు రోజులు పెట్టుకుంటారు."

చెల్లప్పన్ మళ్ళీ పలకవైపు చూశాడు. "ఇరవై ఐదా? చీరకు? అది తినేది ఇంత వేడి కూడా కాదే."

"వాళ్ళు వేడికి తీసుకోవడం లేదు. నాలుగు వేల చీర కాలకుండా తిరిగి వస్తుందనే ధైర్యానికి తీసుకుంటున్నారు. ధర మీ బొగ్గులోంచి మాత్రమే పుట్టదన్నా. కొనేవాళ్ళకు అది ఎంత అవసరమో, అందులోంచి కూడా పుడుతుంది. పదిహేను పెట్టండి."

"పదిహేనా!" పెట్టె చెయ్యి జారబోయింది. "పంచెకు మూడు తీసుకుని, ఆఖరి వేడికి పదిహేనా? మా నాయన త్రాసు ఎత్తి నా నెత్తిన వేస్తాడు."

"మీ నాయన బేలు బరువు తూచాడు, పత్తి ధర కాదు. ధర ఇంకెవరో నిర్ణయించారు."

ఆ మాట చెల్లప్పన్‌కు ఎక్కడో తగిలింది. నిజమే. నాయన అంకె చెప్పేవాడు, అంతే. అయినా అతని చెయ్యి పలక దగ్గరికి పోలేదు. "రెండుకే రోజుకు ఒకటీ అరా వస్తా ఉండాయి. పదిహేను అంటే అది కూడా రాదు. ధర పెంచితే గిరాకీ తగ్గుతాది. ఇది నీ పుస్తకంలో లేదా?"

ఉంది. మొదటి అధ్యాయంలోనే ఉంది. హేమమాలిని ముఖం చిన్నబోయింది. పాప గౌను చేతిలో పట్టుకుని, తప్పు సలహా ఇచ్చి ఇంకొకరి బతుకు పాడు చేస్తున్నానేమో అన్న భయంతో నిలబడిపోయింది.

ఇదంతా మూట విప్పుతూ వింటున్న కనగం చీర కొంగు నడుముకు బిగించింది.

"యాడికి?" అన్నాడు చెల్లప్పన్.

"వస్తా ఉండు," అని నాలుగో వీధివైపు నడిచింది.

అరగంట గడిచింది. బొగ్గు పూర్తిగా బూడిదైంది. హేమమాలిని ఇంటికి పోలేదు. పాప ఆమె భుజం మీద నిద్రపోయింది. కనగం తిరిగి వచ్చేటప్పుడు ఒంటరిగా రాలేదు. పక్కన రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ రుక్మణమ్మ. ఆమె చేతిలో పాత దుప్పటిలో చుట్టిన నాలుగు పట్టుచీరలు.

"ఏం చెల్లప్పా," అంది రుక్మణమ్మ బడిలో హాజరు పిలిచినట్టు. "పట్టుకు పదిహేను రూపాయలట కదా? నీ పెళ్ళాం వచ్చి గడపలో నిలబడి గట్టిగా చెప్పింది."

చెల్లప్పన్‌కు చెమట పట్టింది. "అదీ... అమ్మా... మీరు పాత రేటే..."

"మాట్లాడనీ నన్ను. పదేళ్ళుగా నీకు పంచెలు ఇస్తున్నా, చొక్కాలు ఇస్తున్నా. పట్టుచీర ఒక్కటైనా ఇచ్చానా? ఎందుకు ఇవ్వలేదో అడిగావా?"

"లేదమ్మా."

"నీ పలక మీద చొక్కాకు రెండు, పట్టుకు రెండు అని ఉంటుంది. వీడికి చొక్కాకూ పట్టుకూ తేడా తెలీదు, రెండిటినీ ఒకే రుద్దుడు రుద్దుతాడు అనుకున్నా. వీధిలో అందరం అదే అనుకున్నాం. మా అమ్మ ఇచ్చిన చీర ఇది, రెండు రూపాయల చేతికి ఎట్లా ఇస్తాను? ఇప్పుడు పదిహేను అంటున్నావంటే దాన్ని వేరుగా చూస్తావన్న మాట. చూస్తావా?"

చెల్లప్పన్ ఇది మాటతో తేలేది కాదని, కొత్తగా ఒక పిడికెడు బొగ్గు మాత్రమే వేసి రాజేశాడు. ఎర్రబడనిచ్చాడు, తర్వాత తగ్గనిచ్చాడు. ఆడవాళ్ళు ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. చుక్క విదిలించాడు. చుయ్‌మంది. ఆగాడు. మళ్ళీ విదిలించాడు. కొంచెం చుయ్‌మంది.

"ఇంకెంతసేపు?" అంది రుక్మణమ్మ.

"చీర మీది. వేడి నాది," అన్నాడు చెల్లప్పన్, అలవాటుగా. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

రుక్మణమ్మ నవ్వింది. మూడో చుక్క చప్పుడు లేకుండా ఆరింది. అప్పుడు చీరను తిరగేసి, పైన పలచటి నూలు గుడ్డ పరిచి, జరీ అంచు దగ్గర పెట్టెను ఆనించీ ఆనించనట్టు నడిపాడు. ఏడు కిలోల బరువు ఆ చేతిలో పిట్ట ఈకలా పోతుంటే రుక్మణమ్మ కళ్ళజోడు సర్దుకుని దగ్గరికి వంగింది. అరవై ఏళ్ళ నాటి మామిడిపిందెల అంచు ముడత లేకుండా లేచి నిలబడింది.

"ఇన్నేళ్ళూ ఈ సంగతి చెప్పవేం?"

"పలక మీద రాసినా కదమ్మా."

"తప్పుగా రాశావు," అంది రుక్మణమ్మ, నోటుబుక్కులు దిద్దిన గొంతుతో. నాలుగు చీరలూ అయ్యాక అరవై రూపాయలు బండి మీద పెట్టి, "మా చెల్లెలికీ చెప్తాను, పెళ్ళిళ్ళ నెల కదా" అని వెళ్ళిపోయింది.

కనగం మొగుడి వైపు తిరిగింది. "రెండు రూపాయలని పదేండ్లు నాతో చెప్పించినావే, మహానుభావా!"

హేమమాలిని అప్పటికే లెక్క వేయబోతోంది. రోజుకు నాలుగు చీరలైనా వస్తే కంపెనీ జీతాన్ని దాటిపోతుంది. కానీ ఆడి నెలలో, అంటే ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, అప్పుడెట్లా? ఆ షాపువాళ్ళు పదిహేనుకు దిగితే? పాపకు టీకా వేసే టైమయిందేమో కదా?

"ఆడి నెల వచ్చినప్పుడు చూస్తాం," అంది కనగం. "నువ్వు ముందు పాపను ఆసుపత్రికి తీసుకుపో. పరీక్షకు చదువుకో. మొదటి అధ్యాయం కూడా."

శనివారం పొద్దున సౌందరరాజన్ సైకిల్ దిగేసరికి బండి ముందు ఐదు దుప్పటి మూటలున్నాయి. పలక మీద పట్టుచీర పక్కన రెండు అంకె చెరిపేసి ఉంది, పదిహేను రాసి ఉంది. ఆ అంకెను చెల్లప్పన్ అంతకుముందు రోజు మూడుసార్లు రాసి, రెండుసార్లు చెరిపాడని కనగానికి మాత్రమే తెలుసు.

"ఏం బావా, సోమవారం వస్తా ఉండావా?"

చెల్లప్పన్ కనగం వైపు చూశాడు. జవాబు తనది కాదన్నట్టు.

"రాడు," అంది కనగం. "నా మోకాళ్ళ సంగతి కూడా తేల్చినా. ఇకమీద పట్టుచీరలు వాళ్ళే తెచ్చి ఇస్తారు, పదిహేను ఇచ్చేవాళ్ళు నాలుగడుగులు నడవనీ. నేను ఇక్కడే కూర్చుని మడతలు పెడతా. ఆ కుర్చీలో ఇంకెవర్నైనా కూర్చోబెట్టు రాజా."

సౌందరరాజన్ కాసేపు గొణిగాడు. కంపెనీలో మాట పోతుందన్నాడు. తర్వాత సైకిల్ క్యారియర్ మీద నుంచి సంకోచంగా ఒక పొట్లం తీశాడు. "సరే గానీ, మా ఆవిడ ఈ పట్టుచీర ఇచ్చి పంపింది. రేపు గృహప్రవేశం ఉండాది."

చెల్లప్పన్ వేలితో పలక చూపించాడు.

"నా దగ్గర కూడానా!"

"నా తమ్ముడయ్యా," అంది కనగం, నవ్వు ఆపుకుంటూ.

"నీ తమ్ముడైతే ఏంది, చీరకు తెలుసా?" అన్నాడు చెల్లప్పన్. తడి వేలు పెట్టె మీద విదిలించాడు. చుక్క గోలీలా దొర్లి కింద పడింది. "ఇప్పుడు పంచెల టైము. పదకొండు దాకా ఆగు రాజా. కావాలంటే కూర్చో, నీకు వచ్చు కదా కూర్చోడం."

మూడో ఇంటి తలుపు తెరుచుకుంది. టీకా వల్ల కాస్త ఒళ్ళు వెచ్చబడిన పాపను, థర్మామీటరును, పుస్తకాన్ని ఒకేసారి మోస్తూ హేమమాలిని వస్తోంది. పాప చేతిలో నలిగిన గౌను ఒకటి జెండాలా ఊగుతోంది. చెల్లప్పన్ పలక అందుకుని, అన్నిటికన్నా కింద ఒక వరుస రాశాడు: చంటిపిల్లల బట్టలు. దాని ఎదురుగా అంకె వేయకుండా సుద్దముక్కను జేబులో వేసుకున్నాడు.